తెరుచుకోని చల్లపల్లి

ఆట ఆ రోజు కూడా తెరుచుకోలేదు.

రాజ్యలక్ష్మి ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కంప్యూటర్ తెర వంక గుర్రుగా చూసింది. తెర మీద ఎర్ర త్రికోణం, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం. ఆశ్చర్యపోవాల్సింది నిజానికి తను. అరవై దాటి, మోకాళ్ళు అరిగి, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చిన మనిషి, రాజులూ కోటలూ ఉన్న వీడియో గేముకి మోడ్ ఎక్కించడమేమిటి అసలు?

"అమ్మా, మొత్తం మూసేసి మళ్ళీ తెరువు," అంది ఫోన్‌లో కూతురు సింధూరి. వెనకాల గన్నవరం విమానాశ్రయంలో ఎవరో హైదరాబాద్ విమానం గురించి చెప్పిందే చెబుతున్నారు. సింధూరి అక్కడ ఒక విమాన కంపెనీ కౌంటర్‌లో పనిచేస్తుంది.

"తెరిచాను."

"ఏమైంది?"

"ఇందాక ఏమైందో అదే అయింది."

"సరే, ఒకసారి రీస్టార్ట్ చెయ్యి."

ఆ మాట వింటే చాలు, రాజ్యలక్ష్మికి ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండదు? బందరు టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేరి, ఆపరేటర్ల అవసరం తీరిపోయాక ఫిర్యాదుల కౌంటర్‌కి మారి, రిటైరయ్యేదాకా ఊరందరి తిట్లూ తిన్నది ఆవిడే. 'మా ఫోన్ చచ్చిందమ్మా' అని ఎవరైనా అంటే 'రిసీవర్ ఒకసారి తీసి పెట్టండి సార్' అనేది. అలా అందంటే లోపం ఎక్కడుందో తనకి తెలియలేదని అర్థం. అవతలి మనిషి రిసీవర్ తీసి పెట్టేలోపు కాస్త ఆలోచించుకోవచ్చు, లేదా కాస్త టీ తాగొచ్చు. ఇప్పుడు కన్నకూతురు అదే కిటుకు తన మీదే ప్రయోగిస్తోంది.

"నీకు తెలియకపోతే తెలియదని చెప్పవే. రిసీవర్ తీసి పెట్టమనకు," అంది విసుగ్గా.

"రిసీవరేంటమ్మా?"

"ఏం లేదులే. చేస్తున్నా."

కంప్యూటర్ ఆరి మళ్ళీ వెలిగేదాకా ఆవిడ వెనక్కి తిరిగి మంచం వైపు చూసింది. వెంకటప్పయ్య గారు వెల్లకిలా పడుకుని సీలింగ్ ఫ్యాన్ చూస్తున్నారు. ఆట పాడైన రోజు నుంచీ ఆయన చేసే పని అదొక్కటే. కుడిచేయి పొట్ట మీద ముడుచుకుని ఉంది. రాజ్యలక్ష్మికి కోపం ఆ ఆట మీదో, కూతురి మీదో, ఆయన మీదో తెలియలేదు. లోపల ఉన్నది మాత్రం భయం. అది బయటికి వచ్చేటప్పుడు విసుగు లాగే వస్తుంది ఆవిడకి, మొదటి నుంచీ అంతే.

వెంకటప్పయ్య గారు చల్లపల్లిలో దస్తావేజులు రాసేవారు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా చిన్న గది, ఒక బల్ల, గోడకి కేలండర్లు. చుట్టుపక్కల ఊళ్ళలో పొలం చేతులు మారాలంటే ఆయన రాత పడాల్సిందే. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతల్లేని పేజీలు. హద్దుల దగ్గర మాత్రం మహా చాదస్తం. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం, నాలుగు దిక్కులా ఎవరెవరి చేలున్నాయో, ఎక్కడ బోదె కాలవ ఉందో తేలేదాకా కలం కదిలేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ రాజీపడి తాంబూలాలు కూడా అయిపోయినా, ఈయన మాత్రం 'దక్షిణం హద్దు తేలలేదండీ' అని కూర్చునేవారు.

ఇంకో చాదస్తం కూడా ఉంది. కాగితం మీద కలం పెట్టారంటే ముందు పైన నడిమధ్య 'శ్రీ' పడాలి. దస్తావేజుకే కాదు, కిరాణా చీటీకీ అంతే. పెళ్ళయిన కొత్తలో కందిపప్పు, చింతపండు, బట్టల సబ్బు అన్న చీటీ మీద కూడా శ్రీ చూసి రాజ్యలక్ష్మి నవ్వితే, ఆయన నవ్వలేదు. కంప్యూటర్ కొన్నాక, తెలుగు టైపింగ్ నేర్చుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆ కంప్యూటర్‌లో ఏ ఫైలు తెరిచినా మొదటి వరసలో శ్రీ ఉంటుంది. కరెంటు ఎప్పుడు పోతుందోనన్న బెంగతో రెండు ముక్కలు కొట్టగానే సేవ్ చేయడం కూడా అప్పుడే అబ్బింది.

కొన్ని నెలల కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని చల్లపల్లి ఇంటికి తాళం వేసి, బెజవాడ భవానీపురంలో ఫ్లాట్ అద్దెకి తీసుకున్నారు. కాలు కొంత వచ్చింది. మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. కుడిచేయి రాలేదు. ఫ్లాట్ అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు ఆయన పెన్ను పట్టుకోబోయి జారవిడిచారు, మళ్ళీ పట్టుకోబోయి మళ్ళీ జారవిడిచారు. ఫ్లాట్ ఓనర్లు మర్యాదగా ఇంకు దిండు ముందుకు జరిపారు. ఎంతమంది చేతో వేలిముద్రలు వేయించిన మనిషి, ఆ రోజు తన వేలు తానే ఇంకులో పెట్టారు. ఆ తర్వాత చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఫిజియోథెరపీకి ఇంటికొచ్చే అమ్మాయి తబస్సుం. చలాకీ పిల్ల, గదమాయించడం కూడా తెలుసు. మెత్తటి బంతి ఇచ్చి పిసకమంటే ఆయన దాన్ని మంచం కిందికి వదిలేసేవారు.

"బంతితో లాభం లేదు ఆంటీ. అంకుల్‌కి దేని మీద ఇష్టమో అది చేయించండి. మొదటి ఆరు నెలల్లో ఎంత కదిలిస్తే అంత వస్తుంది. తర్వాత చాలా కష్టం," అంది ఆ అమ్మాయి.

ఇష్టమంటే ఆయనకి భూములూ హద్దులూ. ఈ స్థితిలో అవెక్కడ దొరుకుతాయి? సింధూరికి తట్టింది. తను కాలేజీ రోజుల నుంచీ ఆడే రాజ్యాల ఆట ఒకటి ఉంది. అందులో ఊళ్ళుంటాయి, శిస్తులుంటాయి, కాలవలు తవ్వించొచ్చు, పక్క రాజుతో సంధి చేసుకోవచ్చు. తొందరేమీ ఉండదు, ఎక్కడికక్కడ ఆపేసి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. వణికే చేతికి సరిపోతుంది. తండ్రి కంప్యూటర్‌కే ఏదో కొత్త కార్డు తగిలించి ఆట ఎక్కించింది. కానీ అందులో ఉన్నవన్నీ మంచు పడే దేశాల కోటలు. వెంకటప్పయ్య గారు మర్యాద కోసం చూసి, మొహం తిప్పుకున్నారు.

అప్పుడు సింధూరికి తన క్లాస్‌మేట్ బెన్నీ గుర్తొచ్చాడు. ఆ అబ్బాయి సరదాకి ఆ ఆటకి ఒక మోడ్ తయారుచేశాడు. మోడ్ అంటే ఎవరో కట్టిన ఇంటి మీద మనం రేకుల గది వేసుకోవడం లాంటిది. అసలు ఆట వాళ్ళదే, పైన అతికించిన ముక్క మనది. బెన్నీ అతికించిన ముక్క కృష్ణా డెల్టా. బెజవాడ, బందరు, దివిసీమ, చల్లపల్లి, మధ్యలో కాలవలు. సింధూరి దాన్ని ఎక్కించిన రోజున తెర మీద 'చల్లపల్లి' అన్న పేరు చూసి ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు.

"మనది," అన్నారు.

ఆ తర్వాత రోజూ ఆటే. తబస్సుం మౌస్ తీసి కుడివైపు పెట్టింది. ఆయన తిట్టుకుంటూనే కుడిచేత్తో దాన్ని జరపడం మొదలుపెట్టారు. చూపుడువేలు నొక్కడానికి ఒప్పుకోవడానికే చాలా రోజులు పట్టింది గానీ, ఒప్పుకుంది. ఒకసారి మ్యాపు మీద చల్లపల్లి చుట్టూ బాణం గుర్తు తిప్పి, "హద్దు... తప్పు," అన్నారు. బెన్నీ కృష్ణా నదిని చల్లపల్లికి తూర్పున పారించాడట. నది ఉండేది పడమర. ఆ తప్పు ఆయన్ని నిద్రపోనివ్వలేదు. రాజ్యలక్ష్మికి అదే పెద్ద సంబరమైంది, చాదస్తం తిరిగొచ్చిందంటే మనిషి తిరిగొస్తున్నట్టే కదా.

"మౌస్ అయింది ఆంటీ. ఇక అక్షరం రావాలి," అంది తబస్సుం. కీబోర్డు మాత్రం ఆయన ముట్టుకోలేదు. ముందుకి జరిపితే వెనక్కి నెట్టేసేవారు. వేలిముద్ర అవమానం అక్కడే గడ్డకట్టుకుని ఉంది.

సరిగ్గా ఇలాంటి సమయంలో, ఆ ఆట తయారుచేసిన మహానుభావులు దాన్ని అప్‌డేట్ చేశారు. ఎవరడిగారు? బాగా నడుస్తున్నదాన్ని ఇంకా బాగుచేసే జబ్బు ఎక్కడ పట్టుకుందో ఈ కంపెనీలకి. ఆట కొత్తదైంది, మోడ్ పాతదైపోయింది. కలవం పొమ్మన్నాయి రెండూ. చల్లపల్లి మాయమై, మళ్ళీ మంచు దేశాలు వచ్చాయి. ఆయన మౌస్ వదిలేసి, మంచమెక్కి, ఫ్యాన్ చూడడం మొదలుపెట్టారు.

సింధూరికి ఆ వారం సెలవు రద్దయింది. డ్యూటీ దిగి రాత్రి బస్సెక్కి ఊరు దాటి భవానీపురం వచ్చే ఓపిక లేదు. కాబట్టి మోడ్ మరమ్మతు పని ఫోన్‌లో తల్లి నెత్తిన పడింది.

మొదట మోడ్ తీసేసి మళ్ళీ ఎక్కించారు. ఫలితం లేదు. పాత ఫోల్డర్ కొట్టేయమంటే రాజ్యలక్ష్మి పక్కన ఉన్న ఇంకో ఫోల్డర్ కొట్టేసి, సింధూరి కెవ్వుమంటే, చెత్తబుట్టలోంచి దాన్ని మళ్ళీ వెనక్కి తెచ్చింది. తెర ఫోటో తీసి పంపమంటే పంపింది. ఒకదాంట్లో వేలు పడింది, ఒకదాంట్లో కిటికీ వెలుతురు పడింది, మూడోదాంట్లో అన్నీ పడ్డాయి గానీ కావలసిన మూల పడలేదు.

"నాకు త్రికోణం కింద ఏం రాసుందో కనపడాలమ్మా!"

"నాకూ కళ్ళజోడు కనపడాలే. అదెక్కడ పెట్టానో ముందు చూడనీ."

పోనీ తనే గన్నవరం నుంచి కంప్యూటర్ నడుపుతానంది సింధూరి. దానికేదో అంకెలు చదివి చెప్పమంది, చెప్పింది. బాణం గుర్తు దానంతటదే కదలడం మొదలుపెట్టింది. మంచం మీద నుంచి అది చూసిన వెంకటప్పయ్య గారు ఎలా లేచారో, ఎప్పుడు లేచారో, గోడ పట్టుకుని వచ్చి ఎడమచేత్తో స్విచ్చి కట్టేశారు. ఆయన కంప్యూటర్‌ని ఎవరో ఆక్రమించారని ఆయన ఉద్దేశం. ఆక్రమణల విషయంలో ఆయన ఎప్పుడూ కఠినమే.

"ఏవండీ, అది మీ కూతురండీ!" అని నెత్తీనోరూ కొట్టుకుంది రాజ్యలక్ష్మి. ఆయన విననట్టు వెళ్ళి పడుకున్నారు.

చివరికి బెన్నీకే ఫోన్ చేసింది. ఆ అబ్బాయి ఎంతో గౌరవంగా విన్నాడు.

"ఆంటీ, నేను కొత్త అప్‌డేట్‌తో కూడా చూశానండీ. వర్షన్ నంబరు ఒక్కటి మారిస్తే చాలు. నా దగ్గర బాగానే వస్తోందండీ."

మా వైపు లైను బాగానే ఉందండీ. ఈ ముక్క తను ఎంతమందికి చెప్పిందో! అవతల వాళ్ళ గుండె ఎలా రగిలి ఉంటుందో ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది. ఆ పాత కస్టమర్లందరి ఉసురూ ఇప్పుడు ఒక్కసారిగా తగులుతున్నట్టుంది.

వర్షన్ నంబరు ఉండేది మోడ్‌కి జాతకం లాంటి ఒక చిన్న ఫైల్లో. పేరు, ఊరు, ఏ వర్షన్‌కి సరిపోతుంది, అంతే, నాలుగైదు వరసలు, అన్నీ ఇంగ్లీషులో. సింధూరి చెబుతుంటే రాజ్యలక్ష్మి దాన్ని తెరిచింది. పాత అంకె చెరిపి కొత్త అంకె కొట్టింది, సేవ్ చేసింది. ఇంతలో కుక్కర్ విజిల్ మీద విజిల్ వేసింది. ఫైలు అలాగే వదిలేసి వంటింట్లోకి పరిగెత్తింది. అక్కడ పప్పు దించి, తాలింపు పెట్టి, పాలవాడు బెల్లు కొడితే వెళ్ళి, పనిలో పనిగా ఎదురింటి సీతారావమ్మ గారితో నీళ్ళ ట్యాంకరు గురించి మాట్లాడి వచ్చేసరికి, ఫైలు మూసే ఉంది. తనే మూసి వెళ్ళాననుకుంది. ఆయన మంచం మీదే ఉన్నారు గానీ చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది. ఉక్కబోస్తోందేమోనని ఫ్యాను పెంచింది.

ఆట తెరిచింది. ఎర్ర త్రికోణం.

ఇంతకుముందు కనీసం మోడ్ పేరైనా కనపడేది. ఇప్పుడు అసలు కృష్ణా డెల్టా అనే మోడే లేదు పొమ్మంది కంప్యూటర్. పరిస్థితి బాగుపడకపోగా ఇంకా దిగజారింది. రాజ్యలక్ష్మికి ఏడుపొచ్చింది. ఏడవలేదు గానీ, కీబోర్డుని ఒక్కటి చరిచింది.

మర్నాడు తబస్సుం వచ్చి ఆయన వేళ్ళు విడదీయబోతే అవి మళ్ళీ ముడుచుకున్నాయి. ఆ అమ్మాయి గదమాయించలేదు. దానికే రాజ్యలక్ష్మికి ఎక్కువ భయం వేసింది.

"చెయ్యి బిగుసుకుంటోంది ఆంటీ. ఆట ఎందుకు మానేశారు?"

"మేం మానలేదమ్మా. అది మానేసింది."

"ఎలాగోలా మళ్ళీ మొదలెట్టించండి. గడువు అయిపోవస్తోంది. ఇప్పుడు ఆగిపోతే ఆ మౌస్ కూడా మిగలదు."

తబస్సుం వెళ్ళిపోయాక రాజ్యలక్ష్మి పొయ్యి మీద పప్పు పెట్టి, చీర కొంగు బిగించి కంప్యూటర్ ముందు కూర్చుంది. గన్నవరానికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తేదాకా చేసింది.

"అమ్మా, లైన్లో ప్యాసింజర్లున్నారే!"

"ఉండనీ. విమానం మళ్ళీ వస్తుంది. మీ నాన్న చెయ్యి రాదు."

సింధూరి గొంతు మారింది. పక్కనున్న అమ్మాయికి కౌంటర్ చూడమని చెప్పినట్టు వినపడింది.

"సరే. పొరపాట్ల ఫైలొకటి ఉంటుంది. ఆట ఎక్కడ ఆగిపోయిందో అందులో రాసుకుంటుంది. అది తెరువు. అన్నిటికన్నా కింద ఏముంది?"

రాజ్యలక్ష్మి కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్క ఇంగ్లీషు మాటా కూడబలుక్కుంటూ చదివింది. మోడ్ జాతకం ఫైల్లో మొదటి లైన్లో అర్థం కానిదేదో ఉందట. అందుకని మొత్తం ఫైలుని వదిలేశానని రాసుకుంది ఆట.

"మొదటి లైన్లోనా? ఆ ఫైలు తెరువమ్మా. మొదటి లైన్ చదువు."

"నేమ్ ఈక్వల్స్ కృష్ణా డెల్టా."

"అది కరెక్టే. స్పెల్లింగ్ చెప్పు."

చెప్పింది. చుక్కలతో సహా చెప్పింది. రెండో లైన్ చదివింది, మూడోది చదివింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సింధూరి మళ్ళీ మొదటి లైన్ చదవమంది. రాజ్యలక్ష్మికి చిర్రెత్తుకొచ్చింది.

"ఎన్నిసార్లు చదివించుకుంటావే? నేమ్ ఈక్వల్స్ కృష్ణా డెల్టా, నేమ్ ఈక్వల్స్ కృష్ణా డెల్టా! కావాలంటే రాగం తీసి చదవనా?"

"దానికి పైన ఇంకేమీ లేదు కదా?"

"పైనేముంటుంది? శ్రీ తప్ప ఇంకేం లేదు."

"ఏం తప్ప?"

"శ్రీ. మామూలుగా పైన ఉండే శ్రీ."

అవతల హైదరాబాద్ విమానం ప్రకటన ఒకటే వినపడింది.

"అమ్మా," అంది సింధూరి, "ఇందాకట్నుంచీ చదువుతూ అది ఎందుకు చెప్పలేదు?"

"శ్రీ ఎవరైనా చదువుతారా? కాగితం మీద అది ఉంటుంది, అంతే. కింది నుంచి కదా విషయం మొదలయ్యేది!"

నిజమే. పెళ్ళి శుభలేఖ చదివి వినిపించేవాళ్ళు కూడా పైన ఉన్న శ్రీని చదవరు. కన్ను దాన్ని దాటి కిందికి దిగుతుంది. పైగా ఆ కంప్యూటర్‌లో ఏ ఫైలు తెరిచినా అది ఉండేదే. రాజ్యలక్ష్మికి అందులో వింతేమీ కనపడలేదు.

"అదేనమ్మా తప్పు! ఆటకి శ్రీ అంటే ఏం తెలుసు? అదేదో తన భాష కాదనుకుని మొత్తం ఫైలే పక్కన పడేసింది," అని సింధూరి తల పట్టుకున్నట్టు మాట్లాడింది. తర్వాత ఆగింది. "అయినా బెన్నీ ఫైల్లో శ్రీ ఎలా వచ్చింది? వాడు క్రిస్మస్ గ్రీటింగ్ మీద కూడా ఏమీ రాయడు. నువ్వు రాశావా?"

"నాకు తెలుగు టైపింగ్ ఎక్కడొచ్చు?"

ఆ ఇంట్లో తెలుగు టైపింగ్ వచ్చిన మనిషి ఒక్కరే ఉన్నారు. తడిసిన చొక్కా గుర్తొచ్చింది. తను మూయని ఫైలు మూసి ఉండడం గుర్తొచ్చింది.

మెల్లగా వెనక్కి తిరిగింది. వెంకటప్పయ్య గారు ఫ్యాన్ చూడడం లేదు. ఆవిడనే చూస్తున్నారు, దొరికిపోయిన దొంగలాగా.

"ఏవండీ," అంది. "దీని మీద శ్రీ రాసింది మీరేనా?"

ఆయన చాలాసేపు మాట వెతుక్కున్నారు.

"శ్రీ... లేదు," అన్నారు. కాసేపాగి, కాస్త కోపంగానే, "శ్రీ లేకుండా... కాగితమా?"

అంకె మార్చాక కూడా తన ప్రాణం తీసిన ఎర్ర త్రికోణానికి కారణం ఇదీ. కూతురి డ్యూటీ పాడైంది, బెన్నీని మనసులో తిట్టింది, తబస్సుం ముందు తలదించుకుంది, కీబోర్డుని కొట్టింది. అన్నిటికీ మూలం ఈ పెద్దమనిషి పడుకున్నచోట పడుకోక వచ్చి పెట్టిన ఒక్క అక్షరం. రాజ్యలక్ష్మికి పట్టరాని కోపం వచ్చింది. దాంతోపాటే కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. రెండూ ఒకేసారి రావడం ఆవిడకి కొత్త. ఏది ముందు బయటపెట్టాలో తెలియక, "చెప్పొచ్చు కదండీ! ఒక్క మాట చెప్పొచ్చు కదా!" అని అరిచింది. అరుస్తూనే ఆయన కుడిచేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అమ్మా? ఏమైంది?" ఫోన్‌లో సింధూరి.

"మీ నాన్న రాశారే."

సింధూరి ముక్కు ఎగబీల్చినట్టు చప్పుడైంది. తర్వాత, ఎంత చెడ్డా పని పనే కాబట్టి, "ఆ శ్రీ చెరిపేసి సేవ్ చెయ్యి. ఆట వచ్చేస్తుంది," అంది.

రాజ్యలక్ష్మి చెరిపే మీట మీద వేలు పెట్టింది. వేలు తీసేసింది.

"చెరపను. ఇంకో దారి చెప్పు."

"అమ్మా, ఒక్క అక్షరం..."

"ఆ ఒక్క అక్షరం కోసం నేనెన్నాళ్ళు చూశానో నీకు తెలుసా? ఆటనే సర్దుకోమను."

సింధూరి ఆలోచించింది. "దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టు. అది ఉంటే ఆ లైన్‌ని ఆట పట్టించుకోదు, చూసీ చూడనట్టు దాటిపోతుంది."

"మనలాగే అన్నమాట. ఏదీ ఆ గుర్తు? ఎక్కడుంది?"

ఆవిడ వెతుకుతుండగా కుర్చీ పక్కన నీడ పడింది. వెంకటప్పయ్య గారు గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఆవిడ లేచి కుర్చీ ఇచ్చింది. ఆయన ఎడమచేత్తో భాష మార్చారు. తర్వాత కుడిచేయిని బల్ల మీదికి ఎత్తి, కీబోర్డు అంచుదాకా ఈడ్చుకొచ్చి, షిఫ్ట్ మీట మీద పడేశారు. జారింది. నుదుటి మీద చెమట పట్టింది. రాజ్యలక్ష్మి సాయం చేయబోతే భుజంతో నెట్టేశారు. మళ్ళీ పెట్టారు, నొక్కి పట్టుకున్నారు. ఎడమవేలు మూడో అంకె మీద పడింది.

# శ్రీ

సేవ్ కొట్టారు, కరెంటు పోతుందేమోనని.

ఆట తెరుచుకుంది. కాలవలు వచ్చాయి, బందరు వచ్చింది, తప్పు పక్కన పారుతున్న కృష్ణ వచ్చింది, చల్లపల్లి వచ్చింది. ఆయన మౌస్ పట్టుకుని ఆ తప్పు నది వంక అదే పాత చిరాకుతో చూశారు. రాజ్యలక్ష్మి ఫోన్ పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి, మాడిపోయిన పప్పుని చూసి కూడా ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున సింధూరి డ్యూటీ ఎక్కగానే ఫోన్ మోగింది.

"మళ్ళీ పాడైందే ఆట," అంది రాజ్యలక్ష్మి.

"అయ్యో రామ! మళ్ళీ ఏమైందమ్మా? ఎర్ర త్రికోణమేనా?"

"ఎర్ర త్రికోణమే. నిన్నటిదానికి తాతలాంటి త్రికోణం. ఆ ఫైలు తెరిచాను. చదువుతాను విను, ఈసారి పైనుంచీ చదువుతాను. శ్రీ. దాని కింద, తూర్పు: బందరు వారి సరిహద్దు."

"ఏంటీ?"

"హద్దులు రాస్తున్నారే. పేరుంది, ఊరుంది, హద్దుల్లేని కాగితమేమిటని పొద్దున్నే లేచి కూర్చున్నారు. ఒక్క తూర్పుకే గంట పట్టింది. ఇప్పుడు దక్షిణం దగ్గర ఆగారు."

"సరే అమ్మా, ఆ లైన్ ముందు కూడా హ్యాష్ పెట్టేస్తే..."

"నోర్మూసుకో," అంది రాజ్యలక్ష్మి. "ఇంకా మూడు దిక్కులున్నాయి. ఆయన ఉత్తరం హద్దు రాసి సంతకం పెట్టేదాకా ఆ ఆటని బాగుచేశావంటే ఊరుకోను."